పాత ఆరోపణను తూచేదెట్లా?

పోయిన సంచికలో సినిమా, టీవీ, జానపద పాటల రంగాల్లో పనిచేసే ఆడవాళ్ల భద్రత మీద వ్యాసం వేశాం. దానికి వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. ఎప్పుడో జరిగిందని ఇప్పుడు చెబుతున్న మాటను, అదీ ఊరంతా ఎరిగిన కళాకారుడి మీద చెబుతున్న మాటను, ఎట్లా తీసుకోవాలి? లైంగిక నేరాల కేసులు వాదించే న్యాయవాదులు, బాధితులతో పనిచేసే కౌన్సెలర్లు కలిసి జవాబులు రాశారు. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు, ఆనవాళ్లు తీసేశాం.

ప్రశ్న (హన్మకొండ): పెద్ద పేరున్న పాటగాడు. ఇరవై ఏండ్ల కింద నన్ను ఇబ్బంది పెట్టిండని ఒకామె ఇప్పుడు టీవీలో చెబుతున్నది. నిజమే అయితే అప్పుడే పోలీస్ స్టేషన్‌కు పోవాలె గదా? ఇన్నేండ్లు ఆగి చెప్పిన మాటను ఎట్ల నమ్ముతం?

జవాబు: ఆలస్యం నిజానికీ సాక్ష్యం కాదు, అబద్ధానికీ సాక్ష్యం కాదు. ఈ రంగంలో పని ఎట్లా దొరుకుతుందో చూస్తే ఆలస్యం ఎందుకవుతుందో తెలుస్తుంది. నెల జీతం ఉండదు, అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. ఒక పాటకు పిలుస్తారు, పాట అయిపోగానే ఇంటికి పంపిస్తారు. మళ్లీ పిలవాలా వద్దా అన్నది ఒక్క మనిషి నోటిమాట. పనిచోట లైంగిక వేధింపుల చట్టం వచ్చిందే 2013లో. అంతకుముందు పనిచోట వేధింపుల మీద సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు ఉన్నా, ఆర్కెస్ట్రా ట్రూపులో అమ్మాయికి ఫిర్యాదు చేసే చోటంటూ లేదు. ఇంట్లో చెబితే ముందు ఆగిపోయేది ఆమె పాటే. ఇవన్నీ తెలిసి నోరు మూసుకున్న మనిషిని ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అని అడగడం తేలిక.

పంజాబ్ ప్రభుత్వం – గుర్మీత్ సింగ్ కేసులో 1996లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. పరువు గురించి ఇంటివాళ్లు తటపటాయిస్తారు కాబట్టి ఇలాంటి కేసుల్లో ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కేసును కొట్టేయకూడదని, బాధితురాలి సాక్ష్యం నమ్మదగ్గదిగా ఉంటే అది ఒక్కటే చాలునని చెప్పింది. పత్రికా సంపాదకుడిగా, తర్వాత కేంద్ర మంత్రిగా ఉన్న ఎం.జె. అక్బర్ మీద జర్నలిస్టు ప్రియా రమణి 1993 నాటి సంగతి బయటపెడితే ఆయన పరువునష్టం కేసు వేశారు. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా విడిచిపెట్టింది. దశాబ్దాల తర్వాతైనా, తనకు నచ్చిన వేదిక మీద తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందని ఆ తీర్పు. అది కింది కోర్టు తీర్పు, దాని మీద అప్పీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

అయితే ఆలస్యం వల్ల నష్టం లేదనడం కూడా తప్పే. సాక్షులు చనిపోతారు, లాడ్జి రిజిస్టర్లు మాయమవుతాయి, టెలికాం కంపెనీలు కాల్ రికార్డులు ఉంచాల్సింది రెండేళ్లే. ఆ నష్టం ఇద్దరికీ. ఆ రోజు తాను వేరే ఊళ్లో ఉన్నానని చూపించాల్సిన మగవాడికీ కాగితం దొరకదు.

కాబట్టి ‘ఇన్నేండ్లు ఎందుకు ఆగింది’ అన్న ప్రశ్న స్థానంలో వేరే ప్రశ్నలు వేయండి. అప్పట్లో ఎవరికైనా చెప్పిందా, ఆ మనిషి ఇప్పుడు ఆ మాట చెబుతున్నారా? ఆమె చెప్పినదాంట్లో మూడో మనిషి సరిచూడగల సంగతి ఏదైనా ఉందా – ఫలానా రికార్డింగు, ఫలానా ఊరు, ఫలానా కారు? ఆయన జవాబులో వివరం ఉందా, లేక ‘నా ఎదుగుదల ఓర్వలేక’ అన్న మాటతోనే సరిపెట్టారా? ఇప్పుడే ఎందుకు చెబుతున్నదో కూడా అడగవచ్చు. ఇంకెవరో చెప్పగా ధైర్యం వచ్చి ఉండవచ్చు, ఆయన చేతిలో ఇప్పుడు అధికారం లేకపోవచ్చు, ఇద్దరి మధ్య డబ్బు తగాదా ఉండవచ్చు. కానీ తగాదా ఉన్నంత మాత్రాన మాట అబద్ధం కాదు; లోపలి కోపానికి కారణం ఆ సంఘటనే కావచ్చు.

ప్రశ్న (కాజీపేట): ఒకామె మొదట 2009 అన్నది, తర్వాత 2010 అన్నది. తేదీయే తెలియనామె మాట నిలుస్తదా?

జవాబు: తేదీ మారడం మీద ఒక కేసు చూడండి. అమెరికా హాస్యనటుడు బిల్ కాస్బీ మీద జూడీ హుత్ అనే ఆమె సివిల్ దావా వేసింది. ఆయన తన మీద లైంగికంగా దాడి చేశాడని, అది తనకు పదిహేనేళ్లప్పుడు, 1974లో జరిగిందని ఏళ్ల తరబడి చెప్పింది. విచారణకు కొద్దిగా ముందు, అది 1975 అని, అప్పటికి తనకు పదహారని సరిదిద్దుకుంది. కాస్బీ లాయర్లు దాన్నే పట్టుకున్నారు. కానీ సంఘటన జరిగిందన్న చోట ఇద్దరూ కలిసి ఉన్న ఫోటోలు ఉన్నాయి, తాము కలిసింది ఒక సినిమా షూటింగు దగ్గర అన్న ఆనవాలు ఉంది. 2022 జూన్‌లో జ్యూరీ ఆమె మాట నమ్మి 5 లక్షల డాలర్ల పరిహారం ఇప్పించింది.

మనిషి జ్ఞాపకం క్యాలెండర్ లాగా పేరుకోదు. భయం ముంచుకొచ్చిన క్షణంలో ఏం చేశాడు, ఎవరు, తలుపు ఎటువైపుంది అన్నవి గట్టిగా నాటుకుంటాయి. వారం, నెల, గోడ రంగు, ముందు ఏం తిన్నాం అన్నవి జారిపోతాయి. అంచులు మారితే అది మామూలు. నడుమ మారితే – చేసిన పని మారితే, చేసిన మనిషి మారితే, ఒకసారి ముట్టుకోలేదని, ఇంకోసారి ముట్టుకున్నాడని అంటే – అక్కడ ఆగి అడగాలి. అడిగే పద్ధతి కూడా జ్ఞాపకాన్ని చెడగొడుతుంది. ‘నిన్ను గదిలోకి కూడా తీసుకపోయిండా?’ అని మళ్లీ మళ్లీ అడిగితే లేని గది కూడా తలలో చేరవచ్చు. ‘తర్వాత ఏమైంది?’ అని అడిగి ఊరుకోవాలి. యాంకర్లు, యూట్యూబ్ ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఈ ఒక్క జాగ్రత్త తీసుకుంటే కోర్టులో సగం చిక్కులు రావు.

మన దగ్గర ఏడాది తేల్చడానికి ఒక దారి ఉంది. మేడారం జాతర రెండేళ్లకోసారే వస్తుంది: 2018, 2020, 2022, 2024. ‘జాతర పాట షూటింగు నాడు’ అని ఆమె అంటే అది జాతరకు ముందు కొద్ది వారాల్లో అయి ఉండాలి. పాట అప్‌లోడ్ అయిన తేదీ యూట్యూబ్‌లో కనబడుతూనే ఉంటుంది.

ప్రశ్న (జగిత్యాల జిల్లా): నేను జానపద పాటలల్ల చేస్తాను. 2019ల బతుకమ్మ పాట షూటింగుకు పోయినప్పుడు ఆ పాట డైరెక్టర్ నన్ను చెడుగా ముట్టుకున్నడు, మాట వింటే ఇంకా పాటలు ఇస్త అన్నడు. ఇప్పుడు ఆయనకు మస్తు పేరు. ఇప్పుడు కేసు పెట్టొచ్చా? ఏం చేయాలె?

జవాబు: పెట్టవచ్చు. కానీ ఏ సెక్షన్ కింద అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి భారతీయ న్యాయ సంహిత వర్తించదు, పాత శిక్షాస్మృతి ఐపీసీయే. ఐపీసీలో మీకు సంబంధించినవి రెండు. కోరిక తీర్చమని అడగడం, ఇష్టం లేకుండా తాకడం 354ఏ కింద వస్తాయి, గరిష్ట శిక్ష మూడేళ్లు. మూడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాన్ని మూడేళ్లలో కోర్టు ముందుకు తేకపోతే కోర్టు తీసుకోదు. పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీలో ఇది 468వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 514. మీ కేసులో ఆ గడువు ముగిసింది. గౌరవానికి భంగం కలిగించేలా బలప్రయోగం చేయడం 354 కింద వస్తుంది, శిక్ష ఏడాది నుంచి ఐదేళ్లు. దీనికి గడువు లేదు. ఫిర్యాదులో ‘ఇబ్బంది పెట్టాడు’ అని మాత్రమే రాస్తే ఎస్సై 354ఏ వేసి ఊరుకోవచ్చు, తర్వాత కాలదోషం అని కేసు పోతుంది. ఎక్కడ పట్టుకున్నాడు, చేయి లాగాడా, మీరు విడిపించుకున్నారా, దారి అడ్డుకున్నాడా – జరిగింది జరిగినట్టు రాయండి. జరగనిది ఒక్క ముక్క కూడా కలపకండి. సెక్షన్ కోసం పెంచి రాసిన మాట క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలిపోతే, నిజంగా జరిగింది కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది.

హిందీ నటి తనుశ్రీ దత్తా కేసులో ఈ గడువే అడ్డం వచ్చింది. 2008లో సినిమా సెట్ మీద నటుడు నానా పాటేకర్ తనతో చెడుగా ప్రవర్తించారని ఆమె 2018లో ముంబైలో ఫిర్యాదు చేసింది, ఆయన కాదన్నారు. 2019లో పోలీసులు ఆధారాలు లేవని నివేదిక ఇచ్చారు. 2025 మార్చిలో మేజిస్ట్రేటు గడువు దాటిందని ఫిర్యాదును తీసుకోలేదు. జరిగిందని గానీ జరగలేదని గానీ తాను చెప్పడం లేదని కూడా రాశారు. అప్పటికి 354 కింద కేంద్ర చట్టంలో శిక్ష రెండేళ్లే. ఇక్కడి సంగతి వేరు, ఇది చాలామంది లాయర్లకు కూడా గుర్తుండదు. 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 354ను సవరించి శిక్షను ఐదు నుంచి ఏడేళ్లు చేసింది. అంటే 2013 ఫిబ్రవరి కన్నా ముందు మన జిల్లాల్లో జరిగిన 354 నేరానికి మూడేళ్ల గడువు అడ్డం రాదు. మీ లాయరును ఆ సవరణ తీసి చూడమనండి.

గడువు దాటినా ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే అధికారం కోర్టుకు ఉంది. ఇప్పుడది 519వ సెక్షన్. దానికి వేరే దరఖాస్తు పెట్టాలి. ముంబై కేసులో ఆ దరఖాస్తే లేదు. ఫిర్యాదుతోపాటే పెట్టించండి.

ఇక ఆధారాలు. స్టేషన్‌కు పోకముందే ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఉంది. పాత ఫోను ఉంటే రీసెట్ చేయకండి, అమ్మకండి, తమ్ముడికి ఇవ్వకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు; చాట్ ఉన్న అసలు ఫోనే కోర్టుకు ఇవ్వగలిగితే మేలు. కాపీ ఇస్తే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఫోను వాడినవాళ్లు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. ఆ పాటకు మీకొచ్చిన డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పడి ఉంటే ఆ స్టేట్‌మెంట్ తీసుకోండి. ఆ రోజు మీరు అక్కడ పనిచేశారని అది చెబుతుంది. మేకప్ చేసినామె, కెమెరా అసిస్టెంటు, కోరస్‌లో ఉన్న అమ్మాయిలు – ఎవరెవరున్నారో రాసుకోండి. కానీ వాళ్లకు ఫోన్ చేసి ‘నువ్వు గిట్ల చెప్పు’ అనవద్దు. ఆ రాత్రి మీ అక్కకో స్నేహితురాలికో చెప్పుకుని ఉంటే అదే అన్నింటికన్నా గట్టి ఆధారం. జరిగిన కొద్ది కాలానికే చెప్పిన మాటను మీ సాక్ష్యానికి ఆసరాగా కోర్టు తీసుకుంటుంది. వైద్య పరీక్షతో ఇన్నేళ్ల తర్వాత తేలేది లేదు. మీ సమ్మతి లేకుండా చేయకూడదు కూడా.

ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. షూటింగు ఎక్కడ జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ వేసి అక్కడికి పంపాలి. మీ మాట మహిళా అధికారే నమోదు చేయాలి. ‘ఆలస్యమైంది, ముందు విచారణ చేస్తం’ అంటే అది పూర్తిగా తప్పు కాదు. లలితా కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు మూడు నెలలకు మించి ఆలస్యమైనచోట ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. అయితే దానికీ గడువు ఉంటుంది, రిజిస్టర్లో ఎక్కించాలి. మీరిచ్చిన కాగితానికి రసీదు తప్పకుండా తీసుకోండి. అసలే తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పోలీస్ కమిషనరుకో ఎస్పీకో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ఒంటరిగా పోవడానికి జంకుగా ఉంటే బాధితులకు సాయం చేసే భరోసా కేంద్రానికో సఖి కేంద్రానికో ముందు వెళ్లండి, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, నంబరు 15100.

పనిచోట వేధింపుల చట్టం కింద మీకిప్పుడు దారి లేదు. అక్కడ గడువు మూడు నెలలు, కారణం ఉంటే మరో మూడు. ఇప్పుడిప్పుడే ఇలాంటిది ఎదురైన అమ్మాయిలు మాత్రం ఇది గుర్తుపెట్టుకోవాలి. పదిమంది లేని చిన్న యూట్యూబ్ ఛానల్ అయినా సరే, కలెక్టరేటు పరిధిలోని లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఒక్క మాట. ఫిర్యాదు ఇవ్వకముందే ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి రాస్తే ఆయన ముందుగా పరువునష్టం కేసు వేస్తాడు, మీరు ముద్దాయిగా మొదలవుతారు. పోలీసుకో కమిటీకో నిజాయితీగా ఇచ్చిన ఫిర్యాదుకు పరువునష్టం చట్టంలోనే మినహాయింపు ఉంది. పోస్టుకు ఆ రక్షణ దానంతటదే రాదు.

ప్రశ్న (మంచిర్యాల): మా బంధువుల అమ్మాయికి పదిహేనేండ్లప్పుడు, 2015ల, ఒక డ్యాన్స్ మాస్టర్ చెడుగా ప్రవర్తించిండట. ఇప్పుడు పెండ్లయింది. పోక్సో వర్తిస్తదా?

జవాబు: వర్తిస్తుంది. నేరం జరిగిన నాటి వయసే లెక్క, ఫిర్యాదు చేసే నాటిది కాదు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టమైన పోక్సో 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది; అంతకుముందు జరిగినదానికి మాత్రం వర్తించదు, ఐపీసీయే. టెన్త్ మెమో, బర్త్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోండి. ఆమె నిర్ణయం ఆమెదే అని మీకు అనిపించవచ్చు, కానీ పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష ఉంది. ముందు ఆమెతో మాట్లాడి, ఆమెను వెంటబెట్టుకుని భరోసా కేంద్రానికి వెళ్లడం మేలు. అత్తగారింటికి తెలుస్తుందన్న భయం గురించి అక్కడే చెప్పండి. పేరు బయటికి రాకుండా చూడాల్సిన బాధ్యత చట్టం వాళ్ల మీద పెట్టింది.

ప్రశ్న (కరీంనగర్): ఒక్కరంటే అనుకోవచ్చు, పదిమంది ఒకే మాట చెబితే ఇక నిజమే గదా?

జవాబు: పదిమంది ఎట్లా బయటికొచ్చారో చూడాలి. ఒకరినొకరు ఎరగని ఆడవాళ్లు, వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఊళ్లలో, పేపర్లో రాకముందే, ఒకే రకమైన పద్ధతి చెబితే – అదే సాకుతో గదికి పిలవడం, అదే మాట – దానికి చాలా బరువుంది. మొదటామె వివరాలన్నీ టీవీలో వచ్చాక అవే వివరాలతో వచ్చిన పదో మాటకు అంత బరువు ఉండదు. అందుకని అది అబద్ధం కాదు, దాన్ని విడిగా పరీక్షించాలంతే.

బ్రిటన్ టీవీ తార జిమ్మీ సావిల్ 2011 అక్టోబరులో చనిపోయాడు. ఏడాది తర్వాత ఒక టీవీ కార్యక్రమం అతను లైంగికంగా వేధించాడన్న కొద్దిమందితో మొదలుపెడితే, 2013 జనవరి నాటికి 450 మంది ముందుకొచ్చారు, 214 నేరాలు 28 పోలీసు విభాగాల్లో నమోదయ్యాయి. బతికుండగా ఫిర్యాదులు లేక కాదు. ఒక స్టేషన్‌లో ఇచ్చింది ఇంకో స్టేషన్‌కు తెలియలేదు, ప్రతి ఫిర్యాదునూ ఒంటరి మాటగానే చూసి వదిలేశారు. విడివిడిగా చూస్తే ఏమీ కాదనిపించిన కాగితాలను ఒక్కచోట పెట్టే మనిషి లేకపోవడమే అక్కడ జరిగిన తప్పు.

అదే దేశంలో పాత లైంగిక ఆరోపణ మీద గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఇంట్లో పోలీసులు చేసిన సోదాను 2014లో బీబీసీ హెలికాప్టర్ పెట్టి చూపించింది. ఆయన్ని అరెస్టు చేయలేదు, కేసు పెట్టలేదు. ఆధారాలు చాలవని 2016లో తేల్చారు. 2018లో హైకోర్టు ఆయనకు 2,10,000 పౌండ్ల పరిహారం ఇప్పించింది. దర్యాప్తు మొదలైందన్న వార్తను దోషం తేలిందన్న వార్తలా చూపడం వల్ల జరిగిన హాని అది.

కోర్టులో లెక్క ఇంకా కఠినం. హాలీవుడ్ నిర్మాత హార్వే వైన్‌స్టీన్ మీద న్యూయార్క్‌లో పడిన 2020 శిక్షను 2024 ఏప్రిల్‌లో పై కోర్టు 4–3 తేడాతో కొట్టేసింది. అభియోగాల్లో లేని ఆడవాళ్ల చేత కూడా సాక్ష్యం చెప్పించడం అందుకు ముఖ్య కారణం. 2025లో మళ్లీ విచారించి ఒక అభియోగం మీద దోషిగా తేల్చారు. ‘ఇట్లాంటోడే కాబట్టి ఇదీ చేసే ఉంటడు’ అన్న వాదనను మన సాక్ష్య చట్టం కూడా మామూలుగా ఒప్పుకోదు.

ప్రశ్న (పెద్దపల్లి): కోర్టు కొట్టేసినంక కూడా జనం ఆయన్ని అనుమానిస్తున్నరు. ఇది న్యాయమా?

జవాబు: ఏ కారణంతో కొట్టేసిందో తీర్పులో చదవండి. గడువు దాటిందని కొట్టేయడం ఒకటి. సాక్షులు ఎదురు తిరిగారని కొట్టేయడం ఒకటి. బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇచ్చి విడుదల చేయడం ఇంకొకటి. ఫిర్యాదే కల్పితమని కోర్టు రాయడం అన్నింటికన్నా వేరు, అట్లా రాసినప్పుడు ఆ మనిషికి పూర్తి గౌరవం తిరిగి ఇవ్వాలి. పైన చెప్పిన కాస్బీకి ఇంకొకామె మీద దాడి చేశాడన్న క్రిమినల్ కేసులో 2018లో పడిన శిక్షను 2021లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు కొట్టేసింది. పాత ప్రాసిక్యూటరు కేసు పెట్టనని మాట ఇచ్చాడని, ఆ మాట నమ్మి ఆయన సివిల్ కేసులో నోరు విప్పాడని దాని కారణం. ఫిర్యాదు చేసినామె అబద్ధం చెప్పిందని ఆ కోర్టు ఎక్కడా అనలేదు. అట్లాగని విడుదలైన మనిషిని నేరస్తుడని పిలిచే హక్కు ఎవరికీ లేదు.

ప్రశ్న (నర్సంపేట): మా అన్న కీబోర్డు వాయిస్తడు, కొద్దిగ పేరున్నోడు. ఎనిమిదేండ్ల కింది సంగతని ఒకామె కేసు పెడతనంటున్నది. అన్న ఏం తప్పు చేయలేదంటున్నడు. మేం ఏం చేయాలె?

జవాబు: మొట్టమొదట ఆమెకు ఫోన్ చేయకండి. ఇంటికి పోకండి, పెద్దమనుషులను పంపకండి. రాజీ కోసం చేసిన ఫోన్ సాక్షిని బెదిరించినట్టు రికార్డవుతుంది, బెయిల్ రద్దవడానికి అదొక్కటి చాలు. డబ్బిచ్చి కాగితం రాయించుకోవడం కూడా పనికిరాదు. 354, అత్యాచారానికి పెట్టే 376 వంటివి ఊళ్లో రాజీ చేసుకునే కేసులు కావు.

మీ అన్నను పాత ఫోను, పాత డైరీ, ప్రోగ్రాం బుకింగు పుస్తకం తీయమనండి. ఆ రోజు ఎక్కడ వాయించాడో చెప్పే పోస్టరు, అడ్వాన్సు రసీదు, ఫేస్‌బుక్ ఫోటో ఏదైనా లాయరుకు ఇవ్వండి. తనకు ఇబ్బందిగా ఉన్న చాట్‌ను కూడా తుడిచేయొద్దు. తుడిచిందని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో తేలితే తప్పు చేసినవాడిలా కనబడతాడు. అరెస్టు భయం ఉంటే ముందస్తు బెయిల్‌కు నాగరిక్ సురక్షా సంహిత 482 కింద దరఖాస్తు పెట్టవచ్చు. మైనరు మీద సామూహిక అత్యాచారం వంటి కొన్నింటికి అది దొరకదు. ఎఫ్‌ఐఆర్‌లో నేరమే కనబడకపోతే హైకోర్టులో అదే సంహిత 528 కింద కొట్టేయించుకోవచ్చు. ఆమె నడవడి గురించి ఒక్క మాట అనకండి. పాత లైంగిక జీవితం గురించి అడగడాన్ని 2013 నుంచి సాక్ష్య చట్టమే నిషేధించింది.

అబద్ధపు కేసులు లేవని అనడం లేదు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో పదేళ్ల ఫిర్యాదులను పరిశీలించిన లిసాక్ బృందం 2010లో 136లో 8 కల్పితమని తేలినట్టు చెప్పింది. చాలావాటిలో ఏదీ రుజువు కాలేదు కాబట్టి ఆ లెక్కతో మీ అన్న గురించి ఏమీ తేలదు. ఏ ఒక్క కేసునూ సగటుతో తేల్చలేం.

ప్రశ్న (పరకాల): మా గ్రూపుల ఆ అమ్మాయి ఫోటో, ఊరు పేరు తిరుగుతున్నయి. పంపినోళ్లకు ఏమన్నా అయితదా?

జవాబు: అత్యాచారం కేసైతే న్యాయ సంహిత 72 కింద రెండేళ్ల దాకా శిక్ష. పేరు ఒక్కటే కాదు. గుర్తుపట్టేలా చేసే ఏ వివరమైనా బయటపెట్టకూడదని నిపుణ్ సక్సేనా కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరు, కాలేజీ, ఏ పాటలో చేసిందో చెప్పినా మన దగ్గర ఇట్టే తెలిసిపోతుంది. ముఖం మసక చేసి పాట థంబ్‌నెయిల్ పెట్టినా అంతే. గ్రూప్ అడ్మిన్ వెంటనే తీసేయాలి. ఆమె తనంతట తాను టీవీలో మాట్లాడితే సంగతి వేరు.

ప్రశ్న (మహబూబాబాద్): మా సాంస్కృతిక సంఘం దసరాకు ఒక పెద్ద గాయకుడికి సన్మానం చేద్దామనుకుంది. ఆయన మీద పాత ఆరోపణ ఉంది, కేసు నడుస్తున్నది. పిలవాలా, వద్దా? ఆయన పాటలు కూడా మైకుల పెట్టొద్దా?

జవాబు: జైలుకు పంపడానికి కావాల్సినంత రుజువు సన్మానం ఆపడానికి అక్కర్లేదు. శాలువా ఆయన హక్కేమీ కాదు, మీరు ఇచ్చే గౌరవం. ఇవ్వకపోతే ఆయనకు పోయేది ఒక సాయంత్రం. ఇస్తే, ఆరోపణ నిజమైతే, ఆ సభలో కూర్చున్న ఇంకో బాధితురాలు ఇక ఎన్నటికీ నోరు తెరవదు. రెండు వైపులా నష్టం సమానం కాదు కాబట్టి కేసు తేలేదాకా ఆపడం సరైనదే అని మా అభిప్రాయం. ఆయన జీవనోపాధిని తెంచడం మాత్రం వేరే నిర్ణయం, దానికి ఇంతకన్నా గట్టి ఆధారం కావాలి. ముందే ఒప్పుకున్న కచేరీ అయితే ఒప్పందం చూసుకోండి, అడ్వాన్సు సంగతి తేల్చుకోండి, పిల్లలతో వేదిక వెనక ఒంటరిగా ఉండే ఏర్పాటు లేకుండా చూడండి.

పాటల సంగతికి ఒక్క జవాబు లేదు. ఆ పాట ఆయన ఒక్కడిది కాదు. రాసినవాళ్లు, కోరస్, డప్పు వాయించినవాళ్లు ఉన్నారు. మైకులో పెట్టడం వేరు, ఆయన ఫోటోతో ఫ్లెక్సీ కట్టడం వేరు. సంఘంలో ఎవరైనా ఆ పాట వినలేకపోతున్నామంటే, కారణం అడక్కుండా వేరే పాట పెట్టండి.

తీర్మానం రాసేటప్పుడు మాటల మీద జాగ్రత్త. మినిట్స్ పుస్తకంలో ‘కేసు విచారణలో ఉన్నందున ఈ ఏడాది సన్మానం వాయిదా’ అని రాయండి. ‘ఆయన ప్రవర్తన సరిగా లేనందున’ అని రాస్తే, ఆ పేజీ ఫోటో తీసి ఎవరైనా గ్రూపులో పెట్టిన రోజున సంతకం పెట్టిన మీరందరూ పరువునష్టం కేసులో ఉంటారు.